సముద్రానికి ఎదురుగా ఎనిమిది మంచాలు

శాన్ ఇసిద్రో, ఓహాకా తీరం
12 జనవరి 1996

అత్తయ్యకు,

మీ కోడలు ఎల్విరా నమస్కరించి రాస్తున్నది. నా జపనీస్ రాత కోడి గెలికినట్టు ఉంటుందని మీరు అనేవారు. మీ సత్రం వదిలి వచ్చాక దాన్ని రాసే పనే పడలేదు, ఇప్పుడు చూస్తే ఆ కోడి కూడా సిగ్గుపడుతుంది. ఫోను చేద్దామంటే మీకు వినపడదు, మా ఊళ్ళో ఫోను కిరాణా కొట్లో తప్ప ఇంకెక్కడా లేదు. కాబట్టి ఓపిక పట్టి చదువుకోండి.

హోటలు పైకప్పు పూర్తయింది. పౌర్ణమి నాడు కొట్టిన తాటాకైతేనే పురుగు పట్టదని మావాళ్ళు అంటారు. ఆకు కోసం నెలంతా ఆగాం. నేను తొందరపడితే మేస్త్రి ఎలెయుతేరియో ఒప్పుకోలేదు. "అమావాస్య ఆకు వేయమంటే వేస్తానమ్మా, నాదేం పోయింది? అది మీ అతిథుల నెత్తిన రాలిన రోజు నన్ను మాత్రం పిలవకండి" అన్నాడు. 

గదులు ఎనిమిది. మట్టి ఇటుక గోడలకు తెల్ల సున్నం, కింద నునుపు చేసిన సిమెంటు నేల, సిమెంటుతోనే నేలకు అతికించి పోసిన మంచం. స్నానాల గోడ ఒక్కటి కాగితప్పూల రంగు. అంతకు మించి గదిలో ఏమీ లేదు. వంటకు కుదిరిన మా చోలే పిన్ని వచ్చి గది గదీ తిరిగి చూసి, "ఏమ్మా, సామాను ఇంకా రాలేదా?" అంది. "ఇంతే పిన్నీ, వచ్చేసింది" అన్నాను. "ఇంతేనా! దొంగలు పడ్డట్టుందే!" అని గుండెలు బాదుకుంది. మర్నాడు నేను లేని సమయం చూసి ప్రతి గదిలో ఒక మేరీమాత పటం, దానికో కాగితప్పూల దండ తగిలించి పోయింది. తీసేశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మీ అబ్బాయి ఏమనేవాడో మీకు తెలుసుగా, "గదిలో ఒక్క వస్తువే ఉండాలి, అది సముద్రం" అని. ఆ మాట నిలబెట్టడానికి నేను ఊరందరితో పోట్లాడుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. మీ సత్రం కాగితపు తలుపులు ఈ హోటలుకు పంపమని పోయే ముందు సోసుకె మిమ్మల్ని అడిగాడు, మీరు సరేనన్నారు. ఇక్కడి గదుల వాకిళ్ళన్నీ ఆయన ఆ తలుపుల కొలతకే కట్టించాడు. వేరే తలుపు ఏది తెచ్చినా పట్టదు. పట్టినా నేను పెట్టను. డిసెంబరులో తెరవాలని పట్టుదలగా ఉన్నాను. ఎప్పుడు పంపుతారో రాయండి. గది నమూనా బొమ్మ ఒకటి గీసి జత చేస్తున్నాను.

మీ ఎల్విరా

*

ఇవాహమ
9 ఫిబ్రవరి 1996

ఎల్విరా,

జాబు అందింది. కోడి క్షేమమే.

సత్రం స్థలం కొన్నవాళ్ళు వేసవిలోగా కూలుస్తారు. నేను టోఫు కొట్టు పైన ఉన్న రెండు గదుల్లోకి మారుతున్నాను. తలుపులు తీయించి ఒక పక్కన పెట్టించాను. ఉప్పుగాలికి కాగితం నిలుస్తుందా అంటే, మన సత్రం కూడా సముద్రం ఒడ్డునే కదా అంటావు. మన సముద్రానికి మర్యాద తెలుసు. మీ సముద్రం గురించి సోసుకె చెప్పిన కబుర్లు వింటే దానికి తెలియదనిపించింది. అయినా ఇచ్చిన మాట ఇచ్చిందే.

కానీ నీ బొమ్మ చూశాక రెండు రోజులు అన్నం సయించలేదు. మూలన దిక్కుల బాణం వేశావు, మంచిది, అది వేయకపోతే నాకు తెలిసేదే కాదు. మీ సముద్రం దక్షిణాన ఉంది. మంచం మీద కాళ్ళు సముద్రం వైపు. అంటే తల ఎటు అమ్మాయ్? ఉత్తర దిక్కుకు! చనిపోయినవాళ్ళను పడుకోబెట్టే దిక్కు అది. ఆరేళ్ళు నా సత్రంలో పక్కలు పరిచావు. ఏ అతిథికైనా దిండు ఉత్తరానికి పెట్టనిచ్చానా? ఒకసారి నువ్వు పొరపాటున పెడితే దిండు విసిరి కొట్టాను, మరిచిపోయావా?

ఎనిమిది గదులు, ఎనిమిది మంచాలు, అన్నీ శవాలకు వేసినట్టు! పైగా సిమెంటుతో పోశావు, కదలడానికి లేకుండా. వాటిని తిప్పించు. తిప్పించిన రోజు తలుపులు ఓడెక్కుతాయి. తిప్పించకపోతే వాటితో నీళ్ళు కాచుకుంటాను.

చలికి జాగ్రత్త అని రాయబోయాను. మీకు చలి ఉండదుగా. ఎండకు జాగ్రత్త.

ఫుమియే

*

శాన్ ఇసిద్రో
15 మార్చి 1996

అత్తయ్యా,

మీ దిండు దెబ్బ నేను మరిచిపోలేదు. ముక్కు మీద తగిలింది.

మంచాలు తిప్పను. సముద్రం ఎటు ఉండాలో నన్ను అడిగి పెట్టలేదు దేవుడు. రాజధాని నుంచి, ఇంకా దూరం నుంచి వచ్చే మనిషి పొద్దున కళ్ళు తెరవగానే ఎదురుగా నీళ్ళు కనపడాలి. ఈ హోటలు ఉన్నదే అందుకు. పైగా ఆ మంచాలు నా సొంత తెలివి కాదు. గీసింది మీ అబ్బాయి. మొదటి గదిలో మంచం ఆయన ఉండగానే పోశారు, దానికి సబ్బు రాసి రాయితో రుద్ది నునుపు చేసింది ఆయన చేతులే. మిగతా ఏడూ దాన్ని చూసి పోసినవి.

మా ఊళ్ళో అయితే వల ఊయలలో పడుకుంటాం. గాలి ఎటు వస్తే తల అటు. నా చిన్నప్పటి నుంచీ అన్ని దిక్కులకూ తల పెట్టి పడుకున్నాను. ఇంకా బతికే ఉన్నాను, మీతో పోట్లాడేంత ఓపిక కూడా ఉంది.

తలుపులు పంపండి. మంచాల సంగతి నాకు వదిలేయండి. చోలే పిన్ని మీకు ఎండు మిరపకాయల పచ్చడి పంపమంది. దారిలో సీసా పగిలితే పోస్టాఫీసు మొత్తం తుమ్ముతుందని మానేశాను.

మీ మొండి కోడలు
ఎల్విరా

*

ఇవాహమ
10 ఏప్రిల్ 1996

ఎల్విరా,

అబద్ధం ఆడేటప్పుడు చనిపోయినవాడి మీద పెట్టకూడదు.

సోసుకె అలా గీశాడంటే నేను నమ్మను. వాడు సత్రంలో పుట్టి పెరిగినవాడు. బడికి పోయే వయసులోనే అతిథులకు దిండు ఎటు పెట్టాలో పనివాళ్ళకు చెప్పేవాడు. మేడ మీద గదిలో కిటికీ తెరుచుకుని, సముద్రం చూస్తూ పడుకుంటానని నా ప్రాణం తీసేవాడు. మంచు పడుతున్నా కిటికీ మూయనిచ్చేవాడు కాదు. అప్పుడు కూడా తల ఎప్పుడూ ఉత్తరానికి పెట్టలేదు. నీకు నచ్చినట్టు కట్టుకుని వాడి పేరు చెబుతున్నావు. నీ హోటలు, నీ ఇష్టం. కానీ వాడి పేరు తీయకు.

సత్రం ముందు చెర్రీ చెట్టు పూసింది. ఇదే ఆఖరి పూత.

ఫుమియే

*

శాన్ ఇసిద్రో
5 మే 1996

అత్తయ్యా,

నేను అబద్ధం ఆడలేదు. అంతకన్నా ఎక్కువ రాస్తే ఈ జాబు చింపేయాల్సి వస్తుంది, అందుకే రాయను.

వేరే సంగతి రాస్తాను, ఒక మంచి సంగతి. మొన్న మే మూడున హోటలు మీద శిలువ నిలబెట్టాం. మేస్త్రులే చెక్కతో చేసి, నీలం రంగు వేసి, పూలూ రంగు కాగితాలూ చుట్టి, కప్పు మీద అన్నిటికన్నా ఎత్తున కట్టారు. దాని మీద సోసుకె పేరు రాశారు. నన్ను అడగలేదు, వాళ్ళంతట వాళ్ళే. నిచ్చెన దిగి వచ్చి ఎలెయుతేరియో టోపీ తీసి, "మాస్టారు పైనున్నాడమ్మా, ఇక భయం లేదు" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఊరంతా వచ్చింది. చోలే పిన్ని రెండు మేకల్ని వండింది. మందుగుండు కాల్చారు, బ్యాండు వాయించారు, చీకటి పడేదాకా మెస్కాల్ సారా తాగారు. మీరు చూడాలని ఫొటో పంపుతున్నాను. కప్పు మీద కనపడుతున్నది అదే.

మీ మీద కోపం ఉంది. అయినా మీరు అక్కడ ఉంటే బాగుండేదని అనిపించింది.

ఎల్విరా

*

ఇవాహమ
3 జూన్ 1996

ఎల్విరా,

ఫొటో చూశాను.

నా కొడుకు అస్థికలు నా గదిలో గూట్లో ఉన్నాయి. నువ్వే తెచ్చి నా ఒడిలో పెట్టావు. ఈ రెండేళ్ళలో మన కుటుంబ సమాధిలో పెట్టమని గుడి పూజారి ఎన్నిసార్లు కబురు పంపినా పెట్టలేకపోయాను. రోజూ పొద్దున కాస్త అన్నం, కాస్త టీ ఆ కుండ ముందు పెడతాను. నువ్వేమో వాడి పేరు రాసి శిలువ నాటి, పూలు చుట్టి, ఊరందరికీ భోజనాలు పెట్టి, బ్యాండు వాయించావు. అస్థికలు లేకుండానే సమాధి కట్టేశావు, అదీ హోటలు నెత్తిన! డబ్బిచ్చి బస చేసేవాళ్ళు వచ్చి దాని కింద ఫొటోలు దిగుతారు కాబోలు.

ఇప్పుడు నాకు అంతా అర్థమైంది. కింద ఎనిమిది శవాల మంచాలు, పైన శిలువ. నువ్వు కడుతున్నది హోటలు కాదమ్మాయ్, శ్మశానం.

పోయిన వారం సత్రం కూల్చారు. నేను రోడ్డుకు అవతల నిలబడి చూశాను. తలుపులు ఈ గదిలో నా చుట్టూ గోడలకు ఆనించి ఉన్నాయి. తిరగడానికి చోటు లేదు. అయినా అవి రావు. మళ్ళీ అడగకు.

ఫుమియే

*

శాన్ ఇసిద్రో
1 జూలై 1996

అత్తయ్యా,

మీ జాబు చదివి మొదట నవ్వాను, తర్వాత చాలాసేపు ఏడ్చాను. చోలే పిన్ని పోస్టువాణ్ణి పట్టుకుని ఏం తెచ్చావురా అని తిట్టింది.

తప్పు నాదే. మీ ఇంట్లో అన్నేళ్ళు ఉన్నా మా మేస్త్రుల శిలువ గురించి మీకెప్పుడూ చెప్పలేదు. మా దేశంలో పుట్టినవాళ్ళకు అది చెప్పే పనే లేదు. మే మూడున ప్రతి కట్టడం మీదా మేస్త్రులు శిలువ నిలబెడతారు. అది బ్యాంకైనా, బడైనా, గొడ్ల పాకైనా అంతే. పని మీద ఎవరూ పడకుండా, గోడ ఎవరి మీదా కూలకుండా అది కాపాడాలని. ఆ రోజు యజమాని వాళ్ళకు కడుపునిండా పెట్టాలి. పెట్టకపోతే మర్నాడు ఒక్కడూ తాపీ పట్టడు. అది సమాధి కాదు అత్తయ్యా. బతికున్నవాళ్ళ కోసం కట్టేది. మీ వైపు ఇంటికి దూలం ఎత్తిన రోజు పైనుంచి అన్నం దంచి చేసిన మోచీ ముద్దలు విసురుతారు చూడండి, అలాంటిదే. పేరెందుకు రాశారంటే, వాళ్ళకు ఆయనే ఇప్పటికీ ఈ పనికి పెద్ద. మీ కొడుకును వాళ్ళు పాతిపెట్టలేదు, పనిలో ఉంచుకున్నారు.

ఇక మంచాల సంగతి. చెప్పకూడదనే అనుకున్నాను. చెబితే మీరు తట్టుకోలేరని. ఇప్పుడు చెప్పకపోవడమే మిమ్మల్ని ఎక్కువ బాధ పెడుతోంది, కాబట్టి వినండి.

ఆఖరి నెలలో ఆయన ఆసుపత్రి వద్దన్నాడు. మొదటి గదికి అప్పటికి కప్పు లేదు, గుంజలు మాత్రమే నిలబెట్టి ఉన్నాయి. రెండు గుంజలకు ఊయల కట్టించుకుని పగలంతా అక్కడే ఉండేవాడు. నేను మీ పద్ధతి గుర్తుపెట్టుకుని తల తూర్పుకు ఉండేలా కట్టించాను. ఆయన ఎలెయుతేరియోను పిలిచి ఊయల విప్పించి తిప్పించాడు, కాళ్ళు సముద్రం వైపు వచ్చేలా. "మీ అమ్మ చూస్తే ఇద్దర్నీ చంపేస్తుంది" అన్నాను. "అమ్మ ఇక్కడ లేదుగా. నన్ను ఇలా ఉండనీ ఎల్విరా, ఇలా అయితేనే నాకు నిద్ర పడుతుంది" అన్నాడు. ఆ ఊయల ఉన్నచోటే మంచం పోయించాడు. సబ్బు రాసి రుద్దడానికి నిలబడలేక, దాని పక్కన కూర్చుని రోజుకు కాస్త కాస్తగా రుద్దాడు. పోయింది కూడా అలా పడుకునే.

మీరన్న మాట నిజమే. బతికేవాళ్ళు ఆ దిక్కుకు పడుకోరేమో. అది రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

కానీ మీ జాబు వచ్చాక ఒక నిర్ణయానికి వచ్చాను. ఆయన కట్టిన ఇంట్లో ఆయన తల్లి ఒక్క రాత్రి కూడా పడుకోలేదంటే అది నాకు హోటలే కాదు. మంచాలు పగలగొట్టిస్తాను, ఎనిమిదీ. వానలు కాస్త తెరిపి ఇవ్వగానే మొదలు. తలుపుల కోసం కాదు, తలుపులు మీ దగ్గరే ఉంచుకోండి. తెరిచే రోజు మొదటి గదిలో మొదట పడుకునేది మీరే. అందుకు గోడలైనా పగలగొడతాను.

మీ ఎల్విరా

*

ఇవాహమ
2 ఆగస్టు 1996

ఎల్విరా,

మంచాలు ముట్టుకోకు. ముందు ఆ మాట రాశాను, ఇక మిగతావి నిదానంగా రాస్తాను.

నీ జాబు చదివి కోపం వచ్చింది. వాడి మీద, నీ మీద, ఇంకా చాలా దూరంగా ఉన్న మీ దేశం మీద. తలుపుల మధ్య చాప పరుచుకుని పడుకున్నాను. నిద్ర రాలేదు. లేచి దిండు తీసి ఉత్తరానికి పెట్టాను. డెబ్బై రెండేళ్ళ బతుకులో మొదటిసారి. ఏమీ కాలేదు. పక్కింటివాళ్ళ బట్టల తీగ కనపడింది, అంతే.

అప్పుడు నాకు మన మేడ గది గుర్తొచ్చింది. మన సముద్రం ఎటు ఉంది అమ్మాయ్? ఉత్తరాన. సోసుకె అయిదేళ్ళవాడిగా ఉన్నప్పటి నుంచీ కాళ్ళు కిటికీ వైపు పెట్టి, సముద్రం చూస్తూ పడుకునేవాడు. తల దానంతటదే దక్షిణానికి వచ్చేది, కాబట్టి నేను ఏమీ అనలేదు. వాడికి దిక్కులతో పనే లేదు, కాళ్ళ దగ్గర సముద్రం ఉండాలి. మీ ఊళ్ళో సముద్రం దక్షిణాన ఉంది. వాడేమీ మారలేదు, సముద్రం అటు పక్కకు వెళ్ళింది.

చావబోయేవాడిలా పడుకున్నాడని నువ్వు అనుకున్నావు, నేనూ అనుకున్నాను. ఇద్దరం తెలివితక్కువవాళ్ళమే. వాడు ఇంట్లో పడుకున్నట్టు పడుకున్నాడు.

నీది అబద్ధం అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాకు అలవాటు లేని పని, మళ్ళీ చెప్పించకు.

తలుపులు వడ్రంగి వచ్చి కట్టి తీసుకెళ్ళాడు. కోబె రేవు నుంచి ఓడ, మీ సలీనా క్రూస్ రేవుకు. వాటిని తీసేసరికి ఈ గది ఎంత పెద్దదో తెలిసింది. కాగితం దారిలో చిరుగుతుంది, అక్కడే అతికించుకో.

మంచాలు ముట్టుకున్నావంటే నీ చెయ్యి విరుస్తాను.

ఫుమియే

*

శాన్ ఇసిద్రో
7 సెప్టెంబరు 1996

అత్తయ్యా,

నా చెయ్యి విరవండి.

వానకు దారి కొట్టుకుపోయి పోచుట్లలో పోస్టు ఆగిపోయింది. మీ జాబు నిన్న వచ్చింది. పోస్టువాడు గేటు దగ్గర నిలబడి అరుస్తున్నా సమ్మెట చప్పుడులో మాకెవరికీ వినపడలేదు. అప్పుడు పగులుతున్నది ఏడో మంచం.

ఏడు పోయాయి అత్తయ్యా. తల తూర్పుకు వచ్చేలా మళ్ళీ పోసేశాం కూడా, నాలుగు. మీ జాబు ఒక వారం ముందు వచ్చి ఉంటే అని తల గోడకేసి కొట్టుకున్నాను. మీకు ఇష్టమైన పని చేద్దామని పంతం పట్టి మీ ఇష్టాన్నే పొడి చేశాను.

కానీ ఎనిమిదోది ఉంది, మొదటి గదిలో ఆయన రుద్దిన మంచం. దాన్ని ముందు పగలగొడదామని మొదటి రోజే ఆ గదికి వెళ్ళాను, నాకే ధైర్యం సడలకముందు అయిపోవాలని. చూస్తే ఎలెయుతేరియో దాని మీద కూర్చుని ఉన్నాడు.

"దిగు" అన్నాను.

"దిగను."

"ఎలెయుతేరియో, ఇది నా హోటలు."

"హోటలు మీదేనమ్మా. ఈ నునుపు మాస్టారిది. ఆయన పక్కన కూర్చుని నీళ్ళు పోసింది నేను. మిగతా ఏడూ నా చేతి పని, ఎన్నిసార్లు పగలగొట్టమన్నా పగలగొడతాను. దీని మీద సమ్మెట వెయ్యాలంటే ముందు నా మీద వెయ్యండి."

"నువ్వెంతసేపు కూర్చుంటావు?"

"చోలే అన్నం ఇక్కడికే తెస్తానంది."

నిజంగానే తెచ్చింది. నా ఎదురుగానే గిన్నె అతని ఒళ్ళో పెట్టి, "తిను నాయనా, ఈవిడకు మతి పోయింది" అంది. ఇన్నాళ్ళూ మేరీమాత పటాలు తీసేశానన్న కసి కూడా అందులో ఉందనుకోండి. వాళ్ళిద్దరితో గెలవలేక మిగతా గదులకు వెళ్ళాను. అందుకు ఈ రోజు వాళ్ళ కాళ్ళు మొక్కాలనిపిస్తోంది.

ఆ ఒక్కటి ఉంది. కాళ్ళు సముద్రం వైపే.

ఎల్విరా

*

ఇవాహమ
4 అక్టోబరు 1996

ఎల్విరా,

తొందర కొంప ముంచుతుందని నీకు ఎన్నిసార్లు చెప్పాను! పక్క గదిలో అతిథి ఇంకా పళ్ళు తోముకుంటుండగానే పరుపు చుట్టేసేదానివి. బుద్ధి మారలేదు.

ఆ మేస్త్రికి నా నమస్కారం చెప్పు. మా సత్రంలో అలాంటివాడు ఒక్కడున్నా దాన్ని అమ్మేదాన్ని కాదు.

పాస్‌పోర్టు తీసుకున్నాను. ఫొటోలో నా మొహం చూసి టోఫు కొట్టు ఆవిడ, "ఎవరి మీదకు యుద్ధానికి పోతున్నావమ్మా?" అంది. కోడలి మీదకి అన్నాను. డిసెంబరులో వస్తాను. చెవిలో పెట్టుకునే మిషను కూడా కొన్నాను. నువ్వు చెప్పే సాకులన్నీ ఇక వినపడతాయి.

ఫుమియే

*

శాన్ ఇసిద్రో
18 నవంబరు 1996

అత్తయ్యా,

తలుపులు వచ్చాయి! చెక్క ఒక్కటీ విరగలేదు. కాగితం మాత్రం మీరన్నట్టే సగానికి సగం చిరిగింది. చోలే పిన్ని మొక్కజొన్న పిండితో జిగురు కాచింది. మేస్త్రుల భార్యలు వచ్చి ఓహాకా కాగితం తెచ్చి అతికించారు. కాస్త ముతక కాగితం, లోపల నారలు కనపడతాయి, వెలుతురు పసుపుగా వస్తుంది. మీకు నచ్చదేమోనని భయంగా ఉంది. తీయనుగాక తీయను.

వాకిలిలో మొదటి తలుపు నిలబెట్టి ఎలెయుతేరియో ఒక్క వేలితో తోశాడు. సన్నని చప్పుడుతో జరిగింది. అతను మళ్ళీ తోశాడు, మళ్ళీ. పిల్లాడిలా పొద్దంతా అదే పని. అది ఇంత కాలం తర్వాత నా చెవికి వినపడిన మీ సత్రం.

విమానాశ్రయంలో ఎలెయుతేరియో టోపీ పెట్టుకుని నిలబడతాడు. నేను అతని పక్కనే ఉంటాను, కానీ మీరు ముందు అతన్నే తిట్టండి, నాకు అలవాటయ్యేదాకా.

మీ ఎల్విరా

*

ఇవాహమ
16 జనవరి 1997

ఎల్విరా,

క్షేమంగా చేరాను. పచ్చడి సీసా పగలలేదు. టోఫు కొట్టు ఆవిడ ఒక చెంచా తిని, ఒక గంట సేపు మాట్లాడలేదు. మంచి పచ్చడి.

అక్కడ ఉన్నన్ని రోజులూ నీ హోటలు గురించి ఒక్క మంచి మాట అనలేదని బయల్దేరేటప్పుడు నీ మొహం చిన్నబోయింది. యజమానురాలు ఎదుట ఉండగా పొగిడితే చెడిపోతుంది. ఇప్పుడు మధ్యలో సముద్రం ఉంది, చెబుతాను. బాగుంది. ఆ ముతక కాగితం మన కాగితం కన్నా బాగుంది. చోలే మేరీమాత పటాన్ని వంటింట్లో పెట్టుకోనిచ్చావు, అది ఇంకా బాగుంది.

తప్పులు కూడా చెబుతాను. స్నానపు తొట్టి దగ్గర రాయి జారుతోంది. టీ చల్లగా వచ్చింది. అన్నిటికన్నా పెద్ద తప్పు, ఆ ఏడు మంచాలు. ఆ రాజధాని నుంచి వచ్చిన డాక్టరు దంపతులు ఏం చేశారో నువ్వు చూడలేదు, నేను చూశాను. మంచం మీద పరుపు లాగి నేల మీద వేసుకుని, సముద్రం వైపు తిప్పుకుని పడుకున్నారు. పొద్దున మళ్ళీ ఏమీ ఎరగనట్టు మంచం మీద పెట్టేశారు. మూడో గదిలో పిల్లలు కూడా అంతే. పక్కకు మెడ తిప్పి సముద్రం చూడటానికి ఇంత దూరం ఎవడొస్తాడు?

ఎల్విరా, ఆరేళ్ళు నా సత్రంలో రోజూ పొద్దున పరుపులు చుట్టావు, సాయంత్రం పరిచావు. మన గదుల్లో మంచమే లేదు. ఎనిమిది సిమెంటు మంచాల గురించి మనిద్దరం ఏడాది పాటు సముద్రానికి ఇటూ అటూ నిలబడి కొట్టుకున్నాం. నేల మీద చాప వేస్తే ఎవరి దిక్కు వాళ్ళు చూసుకుంటారన్న ముక్క నీకూ తట్టలేదు, సత్రం నడిపిన నాకూ తట్టలేదు. ఆ ఏడూ తీయించెయ్యి. చాపలు ఇక్కడి నుంచి పంపుతున్నాను. ఎలెయుతేరియో మళ్ళీ సమ్మెట ఎత్తడానికి ఏమంటాడో నేను వినలేకపోతున్నందుకు బాధగా ఉంది.

ఎనిమిదోది మాత్రం అలాగే ఉండాలి.

మొదటి రాత్రి నేను అక్కడ పడుకోలేదు. నీకు చెప్పలేదు. కుర్చీలో కూర్చున్నాను. రెండో రోజు మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక తలుపు వేసుకుని, దిండు కొండ వైపు, ఉత్తరానికి పెట్టి పడుకున్నాను. చేత్తో అంచు తడిమాను. వాడు చిన్నప్పుడు మెట్లు తుడిచినా అంతే, మూలల్లో వదిలేసేవాడు. మంచానికి కూడా మూలలు గరుకుగానే ఉన్నాయి. తర్వాత తల ఎత్తి చూస్తే కాళ్ళ అవతల నీళ్ళు. వాడు కిటికీ మూయొద్దని ఎందుకు అంత ఏడిచేవాడో అప్పుడు అర్థమైంది. నిద్ర పట్టింది. సాయంత్రం దాకా లేవలేదు. నువ్వు భయపడి తలుపు దగ్గర మూడుసార్లు వచ్చి నిలబడ్డావని నాకు తెలుసు. మిషను చెవిలోనే ఉంది.

ఆ గది ఎవరికీ ఇవ్వనన్నావు. అది తప్పు. తాళం వేసిన గది ఉంటే సత్రం చెడిపోతుంది. అందరికీ ఇవ్వు. అక్కడ నిద్రపోని మనిషి ఉంటే నాకు రాయి.

మార్చిలో పూజారిని పిలిచి కుండను సమాధిలో పెడుతున్నాను. ఇన్నాళ్ళూ వాణ్ణి చలిలోకి ఒంటరిగా పంపుతున్నట్టు ఉండేది. ఇప్పుడు లేదు.

మే మూడుకు వస్తాను. ఈసారి మేస్త్రులకు భోజనం నా చేత్తో. కప్పెక్కి శిలువ దగ్గర నుంచి మోచీ ముద్దలు విసురుతాను, నిచ్చెన గట్టిది చూసి పెట్టమని ఎలెయుతేరియోకు చెప్పు. ఆ రాత్రికి మొదటి గది నా పేరు మీద ఉంచు.

దిండు నువ్వు పెట్టకు. నేనే పెట్టుకుంటాను.

అత్తయ్య